13 ఏళ్ల డీజిల్ స్విఫ్ట్ పోయి పెట్రోల్ స్విఫ్ట్ వచ్చింది: మొదటి వెయ్యి కిలోమీటర్ల ముచ్చట్లు

ఉప్పల్_వాసి:
అందరికీ నమస్తే. ఇన్నేళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు రాస్తున్నానంటే కారణం ఒకటే, ఇంట్లో నేను కారు ఊసెత్తితే చాలు ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోతున్నారు.

పాత బండి 2012 స్విఫ్ట్ వీడీఐ, ఏపీ 29 నంబరు, లక్షా 64 వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్తదీ స్విఫ్టే, 2024లో వచ్చిన నాలుగో తరం, జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్ మాన్యువల్, టీజీ 08. మళ్లీ డీజిలే కొనాలని మనసులో ఎంత ఉన్నా మారుతీ 2020 ఏప్రిల్‌లోనే డీజిల్‌కి దండం పెట్టేసింది కాబట్టి పెట్రోల్‌కి రాక తప్పలేదు. చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగుతుందని తెలిసి అప్పటిదాకా ఆగి, దసరా నాడు ఇంటికి తెచ్చుకున్నాం. ఈ రోజుకి 640 కిమీ.

ముందు నచ్చినవి. స్టార్ట్ చేస్తే అసలు స్టార్ట్ అయిందా లేదా అని డౌటొస్తోంది. పాత బండి సందు మలుపు తిరుగుతుండగానే ఆ టకటక విని మా వాచ్‌మన్ గేటు తీసేసేవాడు, నేను స్లో చేయాల్సిన పని కూడా ఉండేది కాదు. ఇప్పుడు గేటు ముందు ఆగి హారన్ కొట్టాలి, ఒకసారైతే దగ్గరికొచ్చి "ఎవరింటికి సార్" అని అడిగాడు కూడా. క్లచ్ తేలిక. ఉప్పల్ నుంచి తార్నాక మీదుగా సికింద్రాబాద్ రోజూ వెళ్లొచ్చేవాణ్ని, సాయంత్రానికి ఎడమ మోకాలు గుర్తు చేసేది, ఇప్పుడు ఆ బాధ లేదు. డిక్కీ పాతదాంట్లో 204 లీటర్లు, ఇందులో 265. వినడానికి పెద్ద తేడా అనిపించదు గానీ అమ్మ ఊరి నుంచి తెచ్చిన బియ్యం మూట అడ్డంగా పడుకోబెట్టాక కూడా రెండు బ్యాగులు పట్టాయి. ఇక ఆరు ఎయిర్‌బ్యాగులు. పాతదాంట్లో ఒక్కటీ లేదు, ఇన్నేళ్లూ దేవుడి మీద భారం వేసి తిరిగామన్నమాట.

ఇప్పుడు అసలు బాధ. బండి లాగడం లేదు. పాతదాంట్లో స్పీడ్ బ్రేకర్ దగ్గర థర్డ్ గేర్‌లోనే 20కి దిగినా, యాక్సిలరేటర్ మీద కాలు పెడితే కాస్త ఆలోచించుకుని ఒక్కసారిగా తోసేది. ఇందులో అదే చేస్తే ముందు ఒణుకుతుంది, తర్వాత మూలుగుతుంది, వెనక ఆటోవాడు హారన్ కొడతాడు. నాగోల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏసీ వేసి నలుగురం ఉంటే నాకే సిగ్గేసింది. మూడు సిలిండర్లు కదా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటు కింద సన్నగా అదురు కూడా తెలుస్తోంది. తప్పు చేశానా అని రాత్రి పడుకునే ముందు ఒకటే ఆలోచన.

ఇంకో రెండు: చిన్న గుంతలకే బండి ఎగిరెగిరి పడుతోంది. వెనక నుంచి ఏదో "దబ్... దబ్" అని చప్పుడు, అదీ మలుపుల్లోనే. ఎవరికైనా ఉందా?

బెజవాడ_బండి:
ముందుగా శుభాకాంక్షలు గురువుగారూ. రంగు చెప్పలేదు, ఫొటో పెట్టలేదు, ఇదేం పద్ధతి!

డీజిల్_భక్తుడు:
చెప్తే ఎవరూ వినరు. ఆ 1.3 డీజిల్ ఇంజిన్ ఫియట్ వాళ్లది, స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో అన్నిట్లోనూ అదే గుండె. 190 ఎన్‌ఎం టార్కు (లాగే బలం), అదీ 2000 ఆర్‌పీఎం దగ్గరే దొరికేది. నీ కొత్తదానికి 112 కూడా నిండా లేదు, దానికోసం 4300 దాకా తిప్పాలి. అలవాటు పడిన నాలుకకి చప్పిడి కూడు పెట్టినట్టుంటుంది మరి. నేనైతే నా 2014 డిజైర్‌ని స్క్రాప్ వాడొచ్చి కాళ్లు పట్టుకున్నా ఇవ్వను.

మెకానిక్_మావ:
ఉప్పల్ తమ్ముడూ, కంగారు పడకు. మూడూ చిన్న విషయాలే.

ఒకటి, బండి లాగట్లేదు అన్నావు. బండి బాగానే లాగుతుంది, నీ కాలే ఇంకా డీజిల్‌లో ఉంది. డీజిల్ నడిపినోళ్లు గేరు మార్చడానికి బద్ధకిస్తారు, తోపు ఇచ్చే టర్బో ఉంది కదా అదే చూసుకుంటుందిలే అని. ఇందులో టర్బో లేదు. 20కి దిగావా, సెకండ్ వెయ్యి. ఫ్లైఓవర్ మొదట్లోనే సెకండ్ వేసి 3000 దాటనివ్వు, శబ్దం వస్తుందని భయపడకు, అది ఏడుపు కాదు, దాని మాటే అంత. కొత్త ఇంజిన్ కాబట్టి మొదటి వెయ్యి కిమీ మరీ పైకి గుంజకు, ఒకే స్పీడ్‌లో గంటలు గంటలు పోకు, అంతే.

రెండు, ఎగిరి పడటం. టైర్లలో గాలి చూశావా? ఫ్యాక్టరీ నుంచి లారీల్లో వచ్చే బండ్లకి గాలి బాగా ఎక్కువ కొట్టి పంపుతారు, యార్డులో నెలలు నిలబడినా టైరు చదును కాకుండా. డెలివరీ హడావిడిలో తగ్గించడం మర్చిపోవడం మామూలే. డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, దాని మీదున్నంత పెట్టు. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు.

మూడు, దబ్బుమనే చప్పుడు. ఏ మాటా అనకముందు డిక్కీ ఖాళీ చెయ్యి. జాకీ, స్టెప్నీ బిగించి ఉన్నాయో లేదో చూడు. నా దగ్గరికి వెనక నుంచి చప్పుడని వచ్చే బండ్లలో సగం వాటిలో దొరికేది నీళ్ల సీసానే.

ఏఎంటీ_అక్క:
నేను ఇదే బండి ఏఎంటీ (క్లచ్ తొక్కక్కర్లేని ఆటోమేటిక్ గేర్లది) ఏడాదిగా నడుపుతున్నా, కరీంనగర్‌లో ఉంటా. సిగ్నల్ దగ్గర అదురు ఉంటుంది, అబద్ధం ఎందుకు. నెల తర్వాత మనకి తెలియదు, కొత్తగా ఎక్కినవాళ్లకే తెలుస్తుంది. మా ఆడపడుచు ఎక్కినప్పుడల్లా "వదినా, ఫోన్ మోగుతున్నట్టుంది" అంటుంది. ఉప్పల్ గారూ, ముందు చక్రాలు మలుపుల్లో ఎలా తిరుగుతున్నాయో చూడండి, మీ పాతదానికి ముందు భాగం బరువెక్కువ, ఇది చాలా తేలిక. నాకైతే అదే సరదా.

లెక్కల_మాస్టారు:
భావోద్వేగాలు పక్కన పెట్టి కొంచెం అంకెలు చూద్దాం. మన హైదరాబాద్‌లో 2025 అక్టోబర్ ధరలు డీజిల్ 95.70, పెట్రోల్ 107.46. మీ పాత బండి సిటీలో లీటరుకి 18 కిమీ ఇచ్చిందనుకుంటే కిలోమీటరుకి 5 రూపాయల 32 పైసలు. కొత్తది 15.5 ఇస్తే 6.93. తేడా 1.61. నెలకి 900 కిమీ తిరిగితే దాదాపు 1,450 రూపాయలు అదనం. ఇప్పుడు పాత బండి మీద పోయిన రెండేళ్లలో రిపేర్లకి ఎంత పెట్టారో నిజాయితీగా చెప్పండి, ఆ తర్వాత బాధపడదాం.

ఉప్పల్_వాసి:
మాస్టారూ, గాయం మీద కారం చల్లారు. క్లచ్ సెట్టు, సస్పెన్షన్, రెండు ఇంజెక్టర్లు, ఏసీ కంప్రెసర్... బిల్లులన్నీ తీసి కూడితే 71 వేలు. ఇంట్లో ఆవిడ పక్కనే ఉంది, ఈ సంఖ్య నేను బయటికి చదవలేదు.

బెజవాడ బాబూ, రంగు ఎరుపు. మా అమ్మాయి ఓటు.

మెకానిక్ మావా, గాలి చూపించా. నాలుగింట్లోనూ 42 ఉంది! స్టిక్కర్ మీదున్నదానికి దించాక అదే రోడ్డు, అదే గుంతలు, వేరే బండిలా ఉంది. వారం రోజులుగా సస్పెన్షన్‌ని తిట్టుకుంటున్నా, పాపం. చప్పుడు మాత్రం అలాగే ఉంది. డిక్కీలో ఏమీ లేదు, ఖాళీ.

ఇంకోటి చెప్పాలి, నవ్వొద్దు. మొన్న బంకులో అద్దం దించి, 13 ఏళ్ల అలవాటు కదా, "డీజిల్ ఫుల్ చెయ్" అనేశా. ఫోన్‌లో ఉన్నా. కుర్రాడు మూత తీసి, లోపల స్టిక్కర్ చదివి, నా వంక చూసి "సార్, పక్కా డీజిలేనా?" అన్నాడు. వాడికి యాభై రూపాయలిచ్చా.

మెకానిక్_మావ:
యాభై ఏంది తమ్ముడూ, వాడికి బట్టలు పెట్టాలి. డీజిల్ నాజిల్ లావుగా ఉంటుంది, పెట్రోల్ బండి మూతిలో మామూలుగా పట్టదు, కానీ ఆ ధీమాతో ఉండకు. చదివే అందరికీ చెప్తున్నా, ఎప్పుడైనా తప్పు ఇంధనం పడితే స్టార్ట్ బటన్ ముట్టుకోవద్దు. అక్కడి నుంచి తోసుకుని పక్కన పెట్టి, ట్యాంకు దింపించుకోవాలి. ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం అన్నావో, ఆ ఒక్కసారికే పంపు, ఇంజెక్టర్ల దాకా పోతుంది, ఖర్చు పదింతలు.

కొత్తసభ్యుడు:
ఇది 5 స్టార్ సేఫ్టీ బండే కదా అన్నా? మా ఫ్రెండ్ అన్నాడు. నేనూ తీసుకుందామని.

గాజువాక_గేర్:
తమ్ముడూ, మీ ఫ్రెండ్ కలిపేసి చెప్పాడు. 2024 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో (కార్లని గుద్ది చూసి స్టార్లిచ్చే సంస్థ) 5 స్టార్లు వచ్చింది డిజైర్‌కి. స్విఫ్ట్‌కి కాదు. ఇంజిన్ ఒకటే, ముందు సీట్లో కూర్చుంటే చాలా వరకు ఒకేలా ఉంటాయి, కానీ దాని రిజల్ట్ దీనికి అతికించకూడదు. దీని ముందు తరం స్విఫ్ట్‌కి 2022లో అదే సంస్థ 1 స్టార్ ఇచ్చింది. యూరప్‌లో అమ్మే కొత్త స్విఫ్ట్‌కి అక్కడి యూరో ఎన్‌క్యాప్ 3 ఇచ్చింది, అయితే అక్కడి బండి వేరే సరంజామాతో వస్తుంది. ఇక్కడి దాంట్లో ఆరు ఎయిర్‌బ్యాగులూ ఈఎస్‌పీ (బండి జారకుండా పట్టేది) బేస్ మోడల్ నుంచే ఇస్తున్నారు, అది మాత్రం మెచ్చుకోవాలి. స్టార్లే ముఖ్యమైతే డిజైర్ చూడు, లేదంటే ఇంకాస్త బడ్జెట్ పెంచు.

డీజిల్_భక్తుడు:
స్టార్లు చూసి కొనేవాళ్లు ముందు వెనక సీట్లో బెల్టు పెట్టుకోవడం మొదలెడితే బాగుండు.

ఏఎంటీ_అక్క:
ఈ మాటకి మాత్రం భక్తుడు గారికి నా ఓటు. మా మామగారు బీప్ బీప్ ఆపడానికి బెల్టుని సీటు వెనక నుంచి పెట్టి దాని మీద కూర్చునేవారు. రెండు నెలలు పట్టింది మాన్పించడానికి.

ఓరుగల్లు_రోడ్డు:
షోరూం విషయాలు చెప్పలేదేం అన్నా? నేను వచ్చే నెల తీసుకుంటున్న, ఎక్కడెక్కడ కోత పెడతరో చెప్పు.

ఉప్పల్_వాసి:
పేరు వద్దు గానీ చెప్తా. మొదటి కొటేషన్‌లో "హ్యాండ్లింగ్" అని ఓ లైను, "ఎసెన్షియల్ కిట్" అని ఓ లైను. రెండూ కొట్టేయమన్నా, పది నిమిషాలు బతిమాలి, చివరికి నవ్వుతూనే కొట్టేశారు. పెయింట్ మీద పూత వేయించుకోమని వెంటపడ్డారు, వేయించుకోలేదు. అక్కడ నాకు బాగా కలిసొచ్చింది ఇన్సూరెన్స్. పాత బండి మీద ఆరేళ్లుగా క్లెయిమ్ లేదు, అంటే నో క్లెయిమ్ బోనస్ 50 శాతం. అది బండిది కాదు, మనది. పాతది అమ్మినట్టు కాగితాలు చూపించి పాత కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే కొత్త పాలసీలో ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియం సగానికి సగం తగ్గింది. ఎవరూ తమంతట తాము చెప్పరు ఇది.

డెలివరీకి ముందు రోజు పగటి వెలుగులో వెళ్లి బండి చూసుకో. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, నాకు 2925 ఉంది, అంటే 2025లో 29వ వారం తయారీ. ఐదింటికీ చూడు, స్టెప్నీతో సహా.

లెక్కల_మాస్టారు:
ఒక చేర్పు. పాత బండి పేరు మార్పు పూర్తయ్యాకే కొత్తది రిజిస్టర్ చేయించండి. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకి లైఫ్ ట్యాక్స్ 14 శాతం, మీ పేరు మీద ఇంకో కారు ఉన్నట్టు కనిపిస్తే ఇంకో 2 శాతం పడుతుంది. పైగా మీ పేరు మీదున్న బండితో ఎవరో ఎక్కడో సిగ్నల్ దాటితే చలాన్ మీ ఫోన్‌కి వస్తుంది. ఫాస్టాగ్ కూడా మూసేయండి. మా బావమరిది పాత కారు ఇప్పటికీ పంతంగి టోల్ దాటినప్పుడల్లా వాడి ఖాతాలోనే డబ్బులు కోస్తోంది, ఎన్నిసార్లు చెప్పినా వినడు.

బెజవాడ_బండి:
మైలేజీ ఎంతొచ్చింది? స్క్రీన్ మీద చూపించేది వద్దు, ట్యాంకు నుంచి ట్యాంకుకి చెప్పండి. కంపెనీ లెక్క 24.8 అంట, నవ్వొస్తుంది.

ఉప్పల్_వాసి:
రెండు రోజులాగు. ఆదివారం శ్రీశైలం వెళ్తున్నాం, వెయ్యి కిమీ సర్వీస్ కూడా అయిపోయింది. వచ్చాక చెప్తా.

(మూడు రోజుల తర్వాత)

ఉప్పల్_వాసి:
వచ్చేశాం. చాలా ఉంది చెప్పడానికి, ఓపిక పట్టండి.

మన్ననూరు చెక్‌పోస్టు పొద్దున 6కి తీస్తారు కాబట్టి ఇంట్లో మూడున్నరకే బయల్దేరాం. నేను, ఆవిడ, అమ్మాయి, వెనక అమ్మ. 80 దాటితే ఓ బీప్ వస్తుంది కదా, 2019 నుంచి అన్ని బండ్లకీ పెట్టారు, పాతదాంట్లో లేదు. అది మోగినప్పుడల్లా అమ్మ "ఏరా, పెట్రోల్ అయిపోయిందా" అని అడగడం, నేను కాదని చెప్పడం. కల్వకుర్తి దాటేసరికి నాకే విసుగొచ్చి క్రూయిజ్ (కాలు తీసినా అదే స్పీడ్‌లో పోయేది) 78కి పెట్టేశా. చెప్తే నమ్మరు, ఖాళీ రోడ్డు మీద 78లో ఇంత హాయిగా ఉంటుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. పాతదాంట్లో 78 అంటే వెనక ఎవరో తరుముతున్నట్టు ఉండేది, ఆ టర్బో ఊరుకోనిచ్చేది కాదు.

అడవిలో మెల్లగా వెళ్లాం, నెమళ్లు కనిపించాయి. ఈగలపెంట దాటి కృష్ణ దగ్గరికి దిగే మలుపుల్లో సెకండ్‌లోనే వదిలేశా, బ్రేకు మీద పెద్దగా భారం పడలేదు. అసలు పరీక్ష అవతలి ఒడ్డున, వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు. నలుగురం, సామాను, ఏసీ. మొదటి మలుపులో పాత అలవాటు కొద్దీ థర్డ్‌లో తిప్పా. ఒణికింది. ముందు ఆర్టీసీ బస్సు, వెనక ఇంకో బస్సు. మావ మాట గుర్తొచ్చి సెకండ్ వేసి తొక్కితే 3500 దాకా ఏ అడ్డూ లేకుండా ఎక్కింది. తర్వాత ఒక్క మలుపులో కూడా ఇబ్బంది లేదు. చేతికి పని పెరిగింది, అంతే. ఇంజిన్ అరుపు కాస్త లోపలికి వినిపిస్తుంది. అమ్మాయి పాటల వాల్యూం పెంచింది.

అయినా నిజం చెప్పాలంటే ఆ తోపు గుర్తొస్తుంది. లారీని దాటాలనుకున్నప్పుడు పాతది అనుకున్న క్షణానికే దాటేసేది. ఇందులో ముందు గేరు దించి, ఖాళీ చూసుకుని, లెక్క వేసుకుని వెళ్లాలి. రెండుసార్లు వద్దులే అని వెనకే ఉండిపోయా. ఆవిడ మాత్రం "ఇప్పుడు నడుపుతున్నావు మనిషిలా" అంది.

మైలేజీ: ట్యాంకు నుంచి ట్యాంకుకి 452 కిమీ, 21.8 లీటర్లు, అంటే 20.7. స్క్రీన్ మాత్రం 22.4 చూపించింది. అంతకుముందు సిటీలో 338 కిమీకి 21.9 లీటర్లు, 15.4. మాస్టారి అంచనా దాదాపు సరిపోయింది. ట్యాంకు 37 లీటర్లే, పాతదానికంటే చిన్నది, బంకు ముఖం కాస్త ఎక్కువ చూడాల్సి వస్తోంది.

నచ్చనివి: వైర్‌లెస్ చార్జర్ మీద ఫోన్ వేడెక్కుతోంది, వైరే నయం. డిక్కీ అంచు ఎత్తు, బియ్యం మూట ఎత్తి లోపలికి దించేటప్పుడు నడుం పట్టేసింది.

డీజిల్_భక్తుడు:
వెనకే ఉండిపోయా అన్నావు చూడు, అది చాలు నాకు.

గాజువాక_గేర్:
భక్తుడు గారూ, అనంతగిరి ఘాట్‌లో నేను మీ డిజైర్ లాంటిదే నడిపా, మలుపు మధ్యలో టర్బో ఒక్కసారి అందుకుంటే గుండె జారేది. అది కూడా చెప్పాలి కదా.

మెకానిక్_మావ:
20.7 అంటే బాగానే ఇచ్చింది, ఇప్పుడు దొరికేదంతా 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలే, ఇథనాల్‌లో శక్తి తక్కువ, కంపెనీ అంకెలు మర్చిపో. మరి ఆ దబ్బు సంగతి?

ఉప్పల్_వాసి:
అదే చెప్పబోతున్నా. శ్రీశైలం మలుపుల్లో ఎడమకి తిరిగితే ఒక దబ్, కుడికి తిరిగితే ఇంకో దబ్. సర్వీస్ సెంటర్‌లో చెప్తే నడిపి చూసి ఏమీ లేదన్నారు, వాళ్లు తిప్పింది తిన్నని రోడ్డు మీద. ఇంటికొచ్చాక డిక్కీ కార్పెట్ ఎత్తి, స్టెప్నీ కూడా బయటికి లాగా. దాని కింద పసుపు గుడ్డలో చుట్టిన కొబ్బరికాయ. పక్కన రెండు ఎండిన నిమ్మకాయలు.

వాహన పూజ రోజు నేను షోరూం కాగితాల మీద సంతకాలు పెడుతుంటే అమ్మ పెట్టిందంట. ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అడిగావా" అంది.

బెజవాడ_బండి:
హహహ... మావ లెక్కలో నీళ్ల సీసా బదులు కొబ్బరికాయ. తీసేశారా మరి?

ఉప్పల్_వాసి:
41 రోజులు తీయకూడదంట. పాత తువ్వాలు చుట్టి జాకీ పక్కన ఇరికించి పెట్టా. ఇప్పుడు చప్పుడు లేదు.